ఇస్త్రీ తగలని చోటు

ఆగస్టు 3, సోమవారం

పాత డైరీ పేరుకే డైరీ. నిండా కెమిస్ట్రీ నోట్సు. ఇది అలా కాకూడదు. రోజుకొక మంచి మాటైనా ఇందులో పడాలి.

ఈరోజు మాట: భాస్వరం. ఫాస్ఫరస్ అని ఎనిమిదో తరగతి నుంచి అంటున్నాను, ఎప్పుడూ ఏమీ అనిపించలేదు. ఇవాళ మేడమ్ మాటల మధ్యలో భాస్వరం అన్నారు. గదిలో ఎవరో లైటు వేసినట్టయింది.

ల్యాబ్‌లో చేరాను. ఎమ్మెస్సీ ఆఖరి ఏడాది ప్రాజెక్టు. మూడో అంతస్తు, వరండా చివరి గది. రెండు కిటికీలు, ఒకటి తెరుచుకోదు. నాలుగు కంప్యూటర్లు, ఒకటి తెరుచుకోదు. టెలిస్కోపు కనిపిస్తుందని ఆశపడ్డాను. అది ఎక్కడో కొండమీద ఉందట. ఇక్కడికి వచ్చేవి అంకెలే. ఈ పని గురించి నీకేం తెలుసని మేడమ్ అడిగారు. ఏమీ తెలియదన్నాను. మంచిది, మరిపించే పని తప్పింది అన్నారు.

మేడమ్ కాక ఉన్నది అక్క. పీహెచ్‌డీ ఆరో ఏడు. ఆమెను అందరూ అక్క అనే అంటారు. ఆఫీసు గుమస్తా కూడా. ఆయనకి యాభై దాటాయి.

అక్క థీసిస్‌లో ఆఖరి అధ్యాయానికి ఒకటే ప్రశ్న. దూరంగా ఒక వాయుమేఘం ఉంది. చల్లగా, చీకటిగా, ఇంకా ఒక్క నక్షత్రమూ పుట్టకుండా. అందులో పీఎన్ ఉందా లేదా? పీఎన్ అంటే ఒక భాస్వరం పరమాణువు, ఒక నైట్రోజన్ పరమాణువు. అంతే. ఇంతకంటే చిన్న కాపురం ఉండదు. ఇప్పటిదాకా ఇది దొరికిందల్లా ఎక్కువగా అల్లకల్లోలంగా ఉన్న చోట్ల, కొత్త నక్షత్రం విసిరే గాలి ధూళిని గుద్దిన చోట్ల. ఇంత ప్రశాంతమైన మేఘంలో దొరికితే మాత్రం భాస్వరం కథ మొదటినుంచీ మళ్ళీ చెప్పాలట. మన ఎముకల్లో ఉన్న భాస్వరం కథ కూడా.

థీసిస్ ఇవ్వాల్సింది సెప్టెంబరు 11న. గడువు రెండుసార్లు పెంచారు. మూడోసారి లేదు.

ఆగస్టు 5, బుధవారం

ఈ ల్యాబ్‌లో ఒక పద్ధతి ఉంది. నోటీసు బోర్డు మీద తెల్ల కవరు ఒకటి పిన్నులతో గుచ్చి ఉంది. అంటించి, అంటించిన చోట మేడమ్ సంతకం పెట్టారు. పీఎన్ ఉంటే దాని గీత ఏ అంకె దగ్గర, అంటే ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర, లేస్తుందో లోపల రాసి ఉంది. డేటా శుభ్రం చేసేవాళ్ళు ఆ అంకె చూడకూడదు. పని అయ్యాక అందరి ముందూ కవరు తెరుస్తారు.

ఆ అంకె కేటలాగులో ఎవరికైనా దొరుకుతుంది కదా అన్నాను. దొరుకుతుంది, చూడకు అన్నారు మేడమ్. పరీక్ష పేపరు బల్లమీద వదిలేసి మాస్టారు టీకి వెళ్ళినట్టన్నమాట, అని అక్క నవ్వింది.

నలభై గంటల డేటా నా చేతికిచ్చింది. ఆమె మిగతా అధ్యాయాలు రాసుకోవాలి. టెలిస్కోపు మీద ఈ నలభై గంటల కోసం ఆమె రెండేళ్ళు అర్జీలు పెట్టిందట.

ఆగస్టు 6, గురువారం, ఉదయం 6.20

ఉండబట్టలేదు. చూశాను.

ఆగస్టు 7, శుక్రవారం

ఉండబట్టకపోవడం. ఎంత మంచి మాట. ఒక్క మాటలో మనిషి కాళ్ళూ చేతులూ కదులుతాయి.

నేను కవరు ముట్టుకోలేదు. లైబ్రరీలో కేటలాగు తీశాను, మేఘం మనవైపు ఎంత వేగంతో వస్తోందో పాత పేపర్లలో వెతికాను, ఆ వేగానికి అంకె ఎంత జరగాలో లెక్క కట్టాను. మూడుసార్లు. మూడుసార్లూ ఒకటే జవాబు. దీన్ని తప్పు అనాలనిపించలేదు. శ్రద్ధ అనిపించింది. డేటా మొత్తం నా చేతిలో పెట్టాక నేను గుడ్డిగా పనిచేస్తే అక్కకి అన్యాయం కాదూ?

చిన్నప్పటినుంచీ అంతే నేను. ఒక లెక్క చెయ్యమంటే ఆ పేజీ అంతా చేసుకెళ్ళేదాన్ని.

ఆగస్టు 12, బుధవారం

వారం రోజులుగా తిండీ నిద్రా అన్నీ కుర్చీలోనే అంటోంది అమ్మ. నిద్ర మాత్రం ఇంట్లోనే.

డేటా ఎలా ఉంటుందంటే, సమంగా ఉండాల్సిన గీత సమంగా ఉండదు. రేడియో టెలిస్కోపు డిష్‌కీ, దాని రిసీవర్‌కీ మధ్య తరంగం అటూ ఇటూ కొట్టుకుని గీత నిండా అలలు లేపుతుంది. ఆ అలలమీద ఒక వంపుగీత గీసి, దాన్ని తీసేస్తే, మిగిలింది చదునవుతుంది. దీన్నే బేస్‌లైన్ తీయడం అంటారు. నిజమైన సిగ్నల్ ఉంటే ఆ చదునుమీద బుడిపెలా నిలుస్తుంది.

నాకొక భయం పట్టుకుంది. వంపుగీత అలలతో పాటు పీఎన్‌ని కూడా తినేస్తే? అంత సన్నటి సిగ్నల్. అందుకని ఆ అంకె చుట్టూ కొంచెం చోటు ముట్టుకోకుండా వదిలేశాను. మిగతాదంతా గట్టిగా చదును చేశాను. ఆర్డర్ పెరిగేకొద్దీ గీత ఎక్కువ మెలికలు తిరుగుతుంది; మూడో నాలుగో చాలు, నేను తొమ్మిదో ఆర్డర్ వంపుగీత పెట్టాను. చాలా అందంగా వచ్చింది.

ఆ చోటులో ఏదో ఉంది. సన్నగా, నిటారుగా.



ఆగస్టు 14, శుక్రవారం

కవరు తెరిచారు.

మేడమ్, అక్క, గుమస్తా, నేను. అక్క చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. మేడమ్ బ్లేడుతో కవరు కోసి కాగితం చదివారు. నా గ్రాఫు చూశారు. మళ్ళీ కాగితం చూశారు. తర్వాత కుర్చీ లాక్కుని కూర్చున్నారు. మేడమ్ మధ్యాహ్నం పూట కూర్చోవడం ఇదే మొదటిసారి చూడటమని గుమస్తా తర్వాత చెప్పాడు.

అక్క నన్ను పట్టుకుంది. కౌగిలింత కాదు, పడిపోకుండా పట్టుకున్నట్టు. ఈ పిల్లకి అంకె తెలియదు మేడమ్, తెలియకుండానే సరిగ్గా అక్కడే పట్టుకుంది అంది. మేడమ్ అవునన్నారు. కవరు పద్ధతికి విలువే అది, మనం కావాలనుకున్నది చూశామని ఇక ఎవరూ అనలేరు అన్నారు.

నేను నవ్వాను. నవ్వడం తప్ప ఏం చెయ్యాలో తెలియలేదు.

ఆగస్టు 16, ఆదివారం

షాపులో పని. మా లాండ్రీ వీధి మలుపులో ఉంటుంది. ముందు కౌంటరు, వెనక రెండు వాషింగ్ మెషిన్లు, పక్క గదిలో ఇస్త్రీ బల్ల. ఆదివారం ఇస్త్రీ నాది.

ఆకాశంలో ఏం దొరికిందే అని నాన్న అడిగాడు. భాస్వరం అన్నాను. నాన్న సబ్బుపొడి సంచీ నాకేసి తిప్పాడు. దానిమీద లావు అక్షరాల్లో ఫాస్ఫేట్ లేదు అని ఉంది. మేము ఇక్కడ లేదని చెప్పి అమ్ముతుంటే నువ్వు అక్కడ ఉందని సంబరపడుతున్నావా, ఇంటి వ్యాపారం ఏం కాను అన్నాడు. అమ్మ కౌంటరు దగ్గర్నుంచి, ఉన్నచోట ఉండనీ, బట్టలమీద లేకపోతే చాలు అంది.

నవ్వాను. ఈసారి నిజంగా.

ఆగస్టు 20, గురువారం

అక్క ఆఖరి అధ్యాయం మూడు రోజుల్లో రాసేసింది. ముందుమాటలో నా పేరు వేసింది. చూపించింది. ఆ లైను రెండోసారి చదవలేకపోయాను. సంతోషం అనుకున్నాను.

ఆగస్టు 23, ఆదివారం, మధ్యాహ్నం 3.00

వరసగా రాయాలి.

హోటలు యూనిఫారాలు వచ్చాయి. ముప్పై చొక్కాలు. జేబుమీద హోటలు ముద్ర, రబ్బరుది. ఇస్త్రీపెట్టె తగిలితే అంటుకుపోతుంది. అందుకని ముద్రని ముట్టుకోకుండా చుట్టూ గట్టిగా నొక్కి తోశాను. జేబు పళ్ళెంలా చదునైంది. ముద్ర మాత్రం మధ్యలో బుడిపెలా లేచి నిలబడింది.

నాన్న వచ్చి చూసి, చుట్టూ అలా లాగితే మధ్యలో ఉబ్బక ఏం చేస్తుందే అన్నాడు. బట్టదేం తప్పు లేదు, నీ చెయ్యి చేసిందది అన్నాడు. చొక్కా తిరగేసి లోపలివైపు నుంచి ఒక్కసారి ఇస్త్రీపెట్టె తోశాడు. ఉబ్బు పోయింది.

ఇస్త్రీపెట్టె స్టాండుమీద పెట్టాను. ఆ చోటు నేను వదిలేసిన చోటు. ముట్టుకోకుండా కాపాడిన చోటు.

ఆగస్టు 24, సోమవారం

పొద్దున్న ఏడింటికే ల్యాబ్‌కి వెళ్ళాను. వాచ్‌మన్ తాళం తీస్తూ, ప్రొఫెసర్లంటే సరే, స్టూడెంట్లకి కూడా నిద్ర పట్టట్లేదా అన్నాడు.

పీఎన్ రావడానికి వీల్లేని చోట్లు ఐదు ఎంచుకున్నాను. అదే వెడల్పున ఒక్కొక్క చోటూ వదిలేసి, మిగతాదంతా తొమ్మిదో ఆర్డర్‌తో చదును చేశాను. మూడు చోట్ల బుడిపె లేచింది. రెండు చోట్ల గుంట పడింది. ఒక బుడిపె మన పీఎన్‌కంటే పెద్దది.

తర్వాత ఏ చోటూ వదలకుండా, తక్కువ ఆర్డర్‌తో, అసలు డేటా మళ్ళీ చేశాను. అంకె దగ్గర ఏమీ లేదు. పక్కనున్న గరుకే, అర్థంలేని ఆ నాయిసే, అక్కడా ఉంది.

ఆగస్టు 25, మంగళవారం

చెప్పలేదు.

ఆగస్టు 26, బుధవారం

ఇవాళా చెప్పలేదు. అక్క వాళ్ళమ్మతో ఫోన్‌లో మాట్లాడుతోంది. ఆరేళ్ళుగా నీ కూతురు ఏం చేస్తోందని అడిగేవాళ్ళందరికీ ఇప్పుడు చెప్పు, దొరికిందని చెప్పు అంటోంది. నేను కిటికీ తెరవడానికి వెళ్ళాను. తెరుచుకోని కిటికీ అది. అలాగే లాగుతూ నిలబడ్డాను.

ఆగస్టు 28, శుక్రవారం

నా మనసులో నడుస్తున్న వాదన ఇది. రేపు చెబితే థీసిస్ పోతుంది. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. మేడమ్ నన్ను నమ్మారు. నమ్మారు కాబట్టే ఎవరూ మళ్ళీ చూడరు. కవరు ఉన్నదే అందుకు. కవరు విలువంతా నేను తినేశాను, పైగా ఇంకా ఉన్నట్టు నటిస్తున్నాను.

సోమవారం సెమినార్. థీసిస్ ఇచ్చేముందు డిపార్ట్‌మెంటు అంతటి ముందూ అక్క చెప్పుకోవాలి. అంటే ఇంకా రెండు రోజులు.

కాలు ఒకచోట నిలవడం లేదు. ఇంటినుంచి బస్టాపుకీ, బస్టాపు నుంచి ఇంటికీ రెండుసార్లు నడిచాను. బస్సులు వచ్చాయి. ఎక్కలేదు.

ఆగస్టు 29, శనివారం

చెప్పాను.

అనుకున్నట్టు కాదు. నేను మాటలన్నీ రాసి పెట్టుకున్నాను, రెండు పేజీలు, మంచి మాటలు. పదకొండింటికి అక్కే షాపుకి వచ్చింది. సెమినార్‌కి వేసుకునే నీలం కోటు తెచ్చింది. నువ్వే చెయ్యి, వేరేవాళ్ళ చేతికివ్వకు అంది. అమ్మ ఆమెకి స్టూలు వేసి టీ ఇచ్చింది. మా అమ్మాయి మిమ్మల్నే తలుచుకుంటుందమ్మా అంది. అక్క నా గురించి నాలుగు మంచి మాటలు చెప్పింది. నేను కోటు బల్లమీద పరిచాను.

కాలరు అయింది. కుడి చెయ్యి అయింది. ఎడమ చేతి దగ్గర, అక్కా, ఆ అంకె నాకు ముందే తెలుసు అన్నాను.

ఆమెకి అర్థం కాలేదు. కవరు చూశావా అంది. కవరు చూడలేదు, లెక్క కట్టుకున్నాను అన్నాను. తాళం పగలగొట్టలేదు, మారు తాళంచెవి చేయించానంటావు, అంతేగా అంది. ఇంకా నవ్వుతూనే ఉంది. అప్పుడు వదిలేసిన చోటు గురించి చెప్పాను. ఐదు చోట్ల గురించి చెప్పాను. నవ్వు ఎక్కడ ఆగిందో నేను చూడలేదు. కోటువైపే చూస్తున్నాను.

ఏ ఆర్డర్ పెట్టావు అని అడిగింది. తొమ్మిది అన్నాను. తొమ్మిదా, అంది. అంతే. తొమ్మిదా.

స్టూలు మీంచి లేచి, నువ్వు నాకెప్పుడు చెబుదామనుకున్నావు అంది. సోమవారం నుంచి చెబుదామనుకుంటున్నాను అన్నాను. వారం రోజులు నేను మా అమ్మతో మాట్లాడుతుంటే వింటూ కూర్చున్నావన్నమాట అంది. అవునన్నాను.

కోటు పూర్తి చెయ్యి అంది. చేశాను. తీసుకుంది. మేడమ్‌కి ఫోను చేస్తూ మెట్లు దిగింది. అమ్మ ఏమైందే అంది. రాసుకున్న రెండు పేజీలూ జేబులోనే ఉన్నాయి.

ఆగస్టు 30, ఆదివారం

ఆదివారమైనా ముగ్గురం ల్యాబ్‌లోనే. నన్ను కీబోర్డు ముట్టుకోవద్దన్నారు. అక్కే చేసింది, మొదటినుంచీ, నలభై గంటలూ. నేను వెనక నిలబడి ఫైళ్ళ పేర్లు చదివాను. సాయంత్రం ఐదింటికి ఆఖరి గ్రాఫు వచ్చింది.

చదును.

మేడమ్ అరవలేదు. అరిస్తే బాగుండు. ఎందుకు చూశావని అడిగారు. బాగా చెయ్యాలని అన్నాను. బాగా చెయ్యాలనుకునేవాళ్ళ కోసమే కవరు, బద్ధకస్తులకి దాంతో పనిలేదు అన్నారు.

ఆగస్టు 31, సోమవారం

అక్క నీలం కోటు వేసుకుంది. ముడత లేదు.

పది నిమిషాలు మిగతా అధ్యాయాలు చెప్పి, ఆఖరి దాని దగ్గర ఆగింది. పోయిన వారం దొరికిందని మీ అందరికీ మెయిల్ పెట్టాం, దొరకలేదు, డేటా శుభ్రం చేయడంలో మేం తప్పు చేశాం అంది. మేం అంది. నేను ఆఖరి వరసలో ఉన్నాను. ఎవరూ నావైపు తిరగలేదు.

కమిటీలో ఒక పొడుగు ప్రొఫెసర్ ఉన్నాడు. లేదు అని చెప్పడానికి ఆరేళ్ళు పట్టిందా అమ్మా అన్నాడు. కొందరు నవ్వారు. మేడమ్ లేచి, ఊరికే లేదనడానికి ఆరు నిమిషాలు చాలు, ఎంత లేదో చెప్పడానికే నలభై గంటలు కావాలి అన్నారు. అయితే ఎంత లేదో చెప్పండి, అది అధ్యాయమైతే అధ్యాయమే అన్నాడాయన. పదకొండో తేదీలోగా రాసి చూపించాలి. లేకపోతే ఆ అధ్యాయం లేకుండా థీసిస్ చాలదట.

సెప్టెంబరు 3, గురువారం

అక్క నాతో మాట్లాడటం లేదు. అవసరమైన అంకెలు చీటీమీద రాసి నా బల్లమీద పెడుతోంది. నేను జవాబు చీటీమీదే రాస్తున్నాను. గుమస్తా మా మధ్య తిరిగే చీటీలు చూసి, ఫోను బిల్లు తగ్గింది అన్నాడు.

గరుకు ఎంతుందో కొలిచి, దానికి మూడింతలు తీసుకోవాలి. సిగ్నల్ అంతకంటే పెద్దదైతే కనిపించి ఉండేది. కనిపించలేదు కాబట్టి అంతకంటే తక్కువే. పద్ధతి అక్కకి తెలుసు. కానీ రాసిన ప్రతి వాక్యమూ క్షమాపణలా వస్తోంది. దురదృష్టవశాత్తూ అని మొదలుపెడుతుంది, కొట్టేస్తుంది. చెత్తబుట్టలో చూశాను. తొమ్మిది దురదృష్టవశాత్తూలు.

సెప్టెంబరు 6, ఆదివారం

సబ్బుపొడి సంచీ ఖాళీ అయితే మడతపెట్టడం నా పని. ఇవాళ వెనకవైపు చదివాను. ముందువైపు లావు అక్షరాల్లో ఫాస్ఫేట్ లేదు అని ఉంటుందా, వెనక చిన్న అక్షరాల్లో, భాస్వరం 0.5 శాతం కంటే తక్కువ అని ఉంది.

ముందు ఉన్న మాటకంటే వెనక ఉన్న మాట గొప్పది. ముందుది అరుపు. వెనకది ఎవరో కూర్చుని, కొలిచి, ఒప్పుకుని రాసింది. అందులో దురదృష్టం ఏమీ లేదు.

నాన్నని సంచీ అడిగాను. ల్యాబ్‌కి సబ్బుపొడి సంచీ ఎందుకే, చేతులు కడుక్కోవడానికా అన్నాడు. అవునన్నాను.

సెప్టెంబరు 7, సోమవారం

సంచీ అక్క బల్లమీద, వెనకవైపు పైకి పెట్టి, చిన్న అక్షరాల కింద పెన్సిలుతో గీత గీశాను. బయటికి వెళ్ళిపోయాను. వరండాలో అరగంట అటూ ఇటూ.

తిరిగొచ్చేసరికి నా బల్లమీద చీటీ ఉంది. ఇది నువ్వు రాయి, తర్వాత నేను దిద్దుతాను అని ఉంది.

సెప్టెంబరు 8, మంగళవారం

ఒక వాక్యం. పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఒకటే వాక్యం. మంచి మాటలన్నీ వచ్చి కూర్చున్నాయి. ప్రశాంతం, నిశ్శబ్దం, గర్భం. ఒక్కొక్కదాన్నీ లేపి పంపించాను. ఇన్నాళ్ళూ మాటలు పోగుచేయడమే ప్రేమ అనుకున్నాను.

మిగిలింది ఇది: ఈ మేఘంలో లక్ష కోట్ల హైడ్రోజన్ అణువులకు మూడు కంటే ఎక్కువ పీఎన్ అణువులు లేవు.

అక్క చదివింది. కంటే ఎక్కువ అన్న చోట పెన్ను ఆపింది. దిద్దలేదు. దీనికి నేను ఆరేళ్ళు ఇచ్చాను, నువ్వు ఒక రోజు ఇచ్చావు, సరిపోయింది అంది. నోటితో అంది. పది రోజుల తర్వాత. ఇంకా కోపం పోలేదే, పని అయ్యాక మళ్ళీ మొదలుపెడతాను అని కూడా అంది.

సెప్టెంబరు 11, శుక్రవారం

పొడుగు ప్రొఫెసర్ నిన్న సంతకం పెట్టాడు. ఇలాంటి మేఘానికి ఇంత కింద దాకా ఎవరూ కొలవలేదని ఒప్పుకున్నాడట. ఇవాళ మధ్యాహ్నం అక్క థీసిస్ ఇచ్చింది. నాలుగు ప్రతులు, నల్ల అట్ట. నేను మోశాను.

నూట నలభై మూడో పేజీలో నా వాక్యం ఉంది. తర్వాతి పేజీలో తొమ్మిదో ఆర్డర్ గ్రాఫు, బుడిపెతో సహా. కింద అక్క రాసింది: ఇలా చేస్తే ఇలా వస్తుంది. ముందుమాటలో నా పేరు తీసేసి ఉంటుందనుకున్నాను. ఉంది. పక్కన, తప్పు చేసినందుకు, చెప్పినందుకు అని ఉంది.

వాళ్ళమ్మకి ఏం చెప్పావని అడిగాను. ఎంత లేదో దొరికిందని చెప్పాను, సరేలే అన్నం తిన్నావా అంది, అని చెప్పింది.

సెప్టెంబరు 14, సోమవారం, ఉదయం 8.10

మేడమ్ కొత్త డేటా ఇచ్చారు. ఇంకొక మేఘం, అదే పీఎన్. అంకె నాకు తెలుసు కాబట్టి ఈసారి అంకెలన్నిటినీ కొంత పక్కకి జరిపేశారట. ఎంత జరిపారో బోర్డుమీద కవర్లో ఉంది.

ఆకాశంలో ఎక్కడున్నానో తెలియదు. మొదలుపెట్టాను.